లోపలి మడత

ట్రెక్కరు అమ్మేశాక
షెడ్డు మూడు నెలలు ఖాళీగా ఉంది.
గుణుపురం నుంచి పాత ఇనుము బేరగాడొచ్చి
కిలోల లెక్కన తీసుకుపోయాడు దాన్ని.
అద్దం మీది మజ్జిగౌరమ్మ బొమ్మని మాత్రం
అన్నయ్య బ్లేడుతో గీకి తీసుకున్నాడు.
అమ్మవారి ముక్కు సగం అద్దంతోనే పోయింది.

రాయగడ నుంచి మునిగుడ దాకా
ఇరవయ్యేళ్ళు తిరిగిన మనిషి
ఇప్పుడు కాగితం మిల్లు గేటు దగ్గర కూర్చుని
లారీల నంబర్లు రాస్తాడు.

నేను జాకెట్లు కుడతాను.
వంటింటికీ పడకగదికీ మధ్య నడవలో
నేనూ నా మిషనూ, పందొమ్మిదేళ్ళు.
మిషను గోడకి జరిపితే నా పడక,
పడక చుట్టేస్తే నా కొట్టు.
రాత్రి ఎవరు మంచినీళ్ళకి లేచినా
నన్ను దాటాలి.
"కాళ్ళు ముడుచుకో అత్తా" అంటారు పిల్లలు
నిద్రలోనే,
నేనూ నిద్రలోనే ముడుచుకుంటాను.

షెడ్డు అద్దెకిస్తే రెండు వేలొస్తాయంది వదిన.
అన్నయ్య ఏమీ అనలేదు.
మర్నాడు నా టేపు అడిగాడు.
అతనికి లెక్క తప్పుతుంటే నేనే వెళ్ళి కొలిచాను:
పొడుగు మూడు టేపులకి అడుగు తక్కువ,
వెడల్పు టేపున్నర.
ఎవరికని అడగలేదు.
మనిషిని చూడకుండా ఆది జాకెట్టు మీద
కొలతలు తీసుకోవడం నాకు అలవాటే.

తాపీ మేస్త్రి దండసేన
గోడకి కిటికీ కొడుతుంటే చూడలేకపోయాను.
గుడ్డకి మెడ కత్తిరించే ముందు
నేను రెండుసార్లు ఊపిరి పీల్చుకుంటాను,
అతను నోట్లో గుట్కా కూడా తీయలేదు.
ఆ కన్నంలోంచి వెలుతురు కంటే ముందు
మిల్లు వాసన వచ్చింది,
ఉడికిన వెదురు వాసన.

ఇంజనాయిలు మరక ఒకటి నేల మీద.
సోడా పోశారు, రంపపు పొట్టు చల్లారు,
పైన సిమెంటు పూశారు.
ఆరాక చూస్తే
అరచేతంత తేలి ఉంది మళ్ళీ.

పక్క కుట్టు దగ్గర అంగుళం గుడ్డ
లోపలికి మడిచి వదులుతాం మేం,
రేపు ఒళ్ళొస్తే విప్పుకోడానికి.
బయటికి కనబడదు. డబ్బులూ తీసుకోం దానికి.
ఈ ఇంటికీ ఒకటి ఉందని
బండి పోయేదాకా ఎవరికీ తెలీలేదు.

వడ్రంగి మహారాణా తలుపు నిలబెట్టి
"ఛిటికిణి భితరే నా బాహారే?" అన్నాడు.
గొళ్ళెం లోపలా, బయటా?
షెడ్డుకి ఎప్పుడూ బయటే.
అన్నయ్య బీడీ ఆర్పి
"దాన్నడుగు, పడుకునేది అది" అన్నాడు.

ఆ పూట వదిన పళ్ళేలు
కాస్త గట్టిగానే కడిగింది.
సాయంత్రం తనే పాత సంబల్‌పురి చీర తెచ్చి
మిషను మీద పడేసింది,
"కిటికీకి కుట్టుకో" అని.

లోపల, అని చెప్పాను మహారాణాకి.
తెలుగులోనే. అతనికి అర్థమయింది.

మొదటి రాత్రి గొళ్ళెం వేశాను,
తీశాను, మళ్ళీ వేశాను.
కొత్త ఖాజాలో గుండీ దూరినట్టు
కాస్త బిగువుగా పడింది.
నన్నెవరూ దాటడం లేదు.
కాళ్ళకి ఆ సంగతి తెలీక
ముడుచుకునే పడుకున్నాయి.

నాలుగింటికి బయట అడుగుల చప్పుడు.
కిటికీ చీర తప్పించి చూశాను.
రేడియేటర్లో పోసే చెంబుతో అన్నయ్య,
నిండా నీళ్ళు,
తలుపు ముందు నిలబడి ఉన్నాడు
ఎందుకొచ్చాడో గుర్తురానట్టు.

కాసేపటికి గుమ్మం పక్క మట్టిలో
ఆ నీళ్ళు మెల్లగా ఒంపి
చెంబు చప్పుడవకుండా పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను గొళ్ళెం తీయలేదు.